గానుగరాయికి అడ్డం నిలబడ్డ తిరుపాలు

తిరుపాలని ఒకడుండేవాడు, కొండ కింద పల్లెలో. వాడికి బలముంది, లేదని నేననను. బలాన్ని మించిన నోరుంది, అదీ సంగతి. కొండదారి దిగంగానే ఎదురుగా ఇల్లు కట్టుకుంటన్నాడంట. గోడలు లేచినయి, పైన మిద్దె పడాల, వానలు దగ్గరికొచ్చినయి. పెళ్ళాం కోటమ్మేమో నిండు చూలాలు. పక్కనే బోదగడ్డి కప్పిన కొట్టంలో పడుకుంటా, "బిడ్డ పుట్టే యాలకి నెత్తిన మిద్దె ఉంటే చాలయ్యా" అంటా ఉండేదంట. మిద్దెకి సున్నం నూరాల. నూరాలంటే గానుగరాయి కావాల, అదే, ఎద్దులు తిప్పే బండచక్రం. దాన్ని కొండమీద చెక్కి పెట్టారు, కిందికి దొర్లించుకురావాల.

దానికో పద్ధతుంది. నడిమి బొక్కలో దూలం దూర్చి, మోకులు కట్టి ముందు కొందరు లాగతారు. పల్లం రాంగానే జారిపోకుండా వెనక మోకులు కొందరు బిగబట్టాల. ముందు లాగినోళ్ళకి డప్పులు, తలపాగాలు. వెనక పట్టినోళ్ళని పలకరించేవాడు లేడు. అందుకని ఆ పని ముసలోళ్ళకి అంటగట్టారనుకోండి. చూశారా మన బుద్ధి!

ఏమైందంటే, ఎంతమంది లాగినా రాయి ఉలకలా పలకలా. తిరుపాలు భుజమిచ్చి, నరాలుబ్బేదాకా నెడితే అప్పుడు కదిలింది. పైన చదును నేల గదా, మెల్లంగా దొర్లతంది. వీడు గబుక్కున ముందుకొచ్చి అరచేతులు అడ్డం పెట్టాడు. ఆగింది. ఇంక చూడండి సంబరం! "చూశారంట్రా! కదలందాన్ని కదిలించా, కదిలేదాన్ని ఆపా. దీని మొండితనం నా దగ్గరా? ఆ వెనక మోకులు ఇప్పేయండి!" అన్నాడంట.

వెనక మోకు పట్టుకుంది వాడి మామ యానాదయ్యే. "అల్లుడా, నువ్వాపింది నడిచే రాయినయ్యా. పల్లంలో అది పరిగెత్తుద్ది" అన్నాడు. "పరిగెత్తితే వేరే రాయైపోద్దా మామా?" "కాదయ్యా. రాయదే, బరువదే. మొండితనం కూచున్నా అంతే, పరిగెత్తినా అంతే. ఊపు అట్టా కాదు. కూచున్న రాయికి ఊపే లేదు. ఆ బరువుకి వేగం తోడైతే పుట్టేది ఊపు. వేగం పెరిగేకొద్దీ అదీ పెరుగుద్ది." "నీకు వయసు మీద పడింది మామా. ఊరంతా చూస్తంటే ముసలోళ్ళని వెనక ఏలాడేసుకుని దిగమంటావా?" అని తనే మోకులు ఇప్పి పారేశాడు.

మళ్ళీ భుజమిచ్చి రాయిని కదిలించి, ముందుకొచ్చి నడిచాడు. పల్లం వచ్చింది. లాగడం మానినా రాయి మానలా. ముందున్నోళ్ళు మోకులొదిలి పక్కకి దూకారు. వీడొక్కడే అరచేతులు చాపి నిలబడ్డాడు. వస్తంది, వస్తంది, కాళ్ళ కింద నేల అదురుతందంట. ఇందాక నా చేతికి ఆగిన రాయేనా ఇది, అనుకున్నాడు. అనుకునేలోపలే కాళ్ళు వాడినెత్తుకుపోయి ముళ్ళపొదలో పారేసినయి. తలకి లేని తెలివి కాళ్ళకుంది, మేలు.

రాయి తిన్నంగా పోయి వాడి ఇంటి ముందు గోడ కూల్చి, వెనక గోడకి ఆనుకుని ఆగింది. రోజూ ఆ గోడ నీడన కూచునే కోటమ్మ అప్పుడు బావికాడుంది గాబట్టి బతికింది. వీడు ఒళ్ళంతా ముళ్ళతో కుంటుకుంటా వస్తే, పైనుంచి కిందికి చూసి, "ఆపింది నువ్వు కాదయ్యా, మనిల్లు" అందంట.

బిడ్డ ఆ బోద కొట్టంలోనే, కారే వానలో పుట్టింది. మరి తిరుపాలుకి బుద్ధొచ్చిందా? ఎవరడిగినా, "నేను ఆపేసేవాణ్ణే, ఇల్లు తొందరపడి అడ్డమొచ్చింది" అనేవాడంట. రాయిదేముంది, అడ్డం తగిల్తే ఆగింది. వాడి నోటికి తగిలే గోడ ఎవరు కడతారు చెప్పండి.