గోల్ ముందు నిలబడ్డ పిల్ల

దేశం పేరు మీద ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు పెద్ద స్టేడియంలో ఆడటం అదే మొదటిసారి. గోల్‌కీపర్ తల్లి, తన ఆడపడుచు పక్కన కూర్చుని చేతిరుమాలు నలిపేస్తోంది.

"వదినా, బంతి మన పిల్ల వైపు రాకూడదని మొక్కుకుంటున్నాను."

"పిచ్చిదానా, అది నిలబడిందే బంతి కోసం!"

"ముక్కు పగిలితేనో? అవతలి పిల్ల కాళ్ళు చూడండి, దుంగల్లా ఉన్నాయి."

"మా రోజుల్లో ఆడపిల్లలకి ఈ గేటే తీసేవాళ్ళు కారు. వెనకాల చెత్త పోసే చోట, మా నాన్నల బూట్లలో గుడ్డలు కుక్కుకుని ఆడేవాళ్ళం. చూడ్డానికి కుక్కలు తప్ప ఎవరూ వచ్చేవాళ్ళు కారు. ఇవాళ చూడు, కాలు పెట్టే సందు లేదు!"

"అందరూ లేచారేంటి? ఏమైంది?"

"వాళ్ళకి పెనాల్టీ ఇచ్చారు. మనం ఒక్క గోల్ ముందున్నాం. ఆట అయిపోవచ్చింది, ఇదొక్కటి ఆపితే గెలిచినట్టే!"

"ఆపకపోతే ఊరంతా దాన్నే ఆడిపోసుకుంటుంది. నేను చూడలేను, మీరే చెప్పండి."

ఆమె గట్టిగా కళ్ళు మూసుకుంది.

"ఆ దుంగకాళ్ళ పిల్లే వస్తోంది... పరిగెత్తింది... కొట్టేసింది!"

"తర్వాత? చెప్పండి వదినా!"

ఆడపడుచు మాట జనం కేకల్లో కలిసిపోయింది. తల్లి కళ్ళు తెరిచేసరికి కూతురు నేల మీద బోర్లా పడి ఉంది.

"అయ్యో, లేవట్లేదు!"

"బంతిని కావలించుకుని పడుకుందే! అదిగో, లేచింది! నవ్వుతోంది!"

తల్లి ఒక్క ఉదుటున కుర్చీ ఎక్కేసింది.

"ఏమే, దిగు, పడతావ్!"

"పడితే పడతాను. ఆ పిల్లని ఇంకోసారి బంతి కొట్టమనండి వదినా, మా అమ్మాయి ఉంది!"