అట్ట మీది పేరు

కూతురు డ్యూటీకి వెళ్లబోతూ గ్రామఫోను మీద పాత టాంగో నాట్య సంగీతం రికార్డు పెట్టి, దాని అట్ట తండ్రికి కనబడేలా ఆనించింది. పసి మనవరాలిని ఒళ్లో పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాడు.

"ఇది ఎవరి బృందం నాన్నా?"

"అట్ట మీద లేదూ? మన పియానో ఆయనది. మెట్ల మీద పరుగెత్తినట్టు వాయించడం ఇంకెవరికొస్తుందే?"

"వయొలిన్లు ఎక్కువ లేవూ?"

"వయొలిన్లతో ఏడిపించేది ఇంకొకాయన. ఈ తేడా నీకు నేర్పి నేర్పి నా నోరు నొప్పెట్టింది."

"ఇది ఆ ఏడిపించే ఆయన రికార్డే నాన్నా. కావాలనే అట్ట మార్చాను."

"సూది అరిగిందేమో."

"నిన్న నేను డ్యూటీలో ఉండగా పాప నీ దగ్గరే ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. పక్కింటావిడ తలుపు బాదిందట. నా మాటైనా వినబడుతోందా, పెదాలు చూస్తున్నావా?"

"ఇకనుంచి ఒళ్లోంచి దించనే. ఏడిస్తే ఒంటికి తెలుస్తుంది."

పాపను ఇచ్చెయ్యమన్నట్టు కూతురు రెండు చేతులూ చాపింది.