నాడి పుస్తకంలో నా దస్తూరి

నన్ను అందరూ చిన్న పెయింటరు అంటారు. వయసు నలభై ఆరు. వృత్తి షాపులకు బోర్డులు రాయడం. మా అన్నయ్యకు యాభై ఎనిమిది, ఆయన్ని పెద్ద పెయింటరు అంటారు. నాకు పని నేర్పింది ఆయనే. ఇద్దరిదీ ఒకే ఇల్లు, కింది వాటా ఆయనది, పై వాటా నాది. ఈ రోజు ఎనిమిదో తారీఖు ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, ఎవరూ పిలవకుండానే స్టేషనుకు వచ్చి ఇన్‌స్పెక్టరు గారి ఎదుట ఈ వాంగ్మూలం ఇస్తున్నాను.

మందుల షాపాయన తప్పు మాత్రలిచ్చాడని మా వదిన నిన్న ఫిర్యాదు చేసింది. ఆయన తప్పు మాత్రలు ఇవ్వలేదు. తప్పు నాది. ముందు ఈ మాట రాసుకోండి, తక్కినది తర్వాత చెబుతాను.

అన్నయ్య గుండె లయ తప్పి కొట్టుకుంటోందని పోయినేడాది తెలిసింది. డాక్టరమ్మ మాకు అర్థమయ్యేలా చెప్పింది. “పై గదులు ఊరికే గజగజలాడుతున్నాయి. అవి పంపే ప్రతి కబురుకీ కింది గదులు పరిగెడుతున్నాయి. ఈ మాత్ర గుమ్మం దగ్గర కూర్చుని కొన్ని కబుర్లనే లోపలికి వెళ్ళనిస్తుంది. కానీ ఒంట్లో ఎక్కువైతే కావలసినవి కూడా ఆపేస్తుంది. గుండె మరీ నెమ్మదించిపోతుంది.” అందుకని రోజూ ఉదయం మాత్ర వేసే ముందు నాడి లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. అరవైకి తగ్గితే మాత్ర వేయకుండా ఆమెకు ఫోను చేయాలి. తప్పుతూ కొట్టే నాడి కాబట్టి పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే కుదరదు, నిండు నిమిషం చూడాలి. వదిన వేళ్ళకు నాడి దొరకలేదు. నా వేళ్ళకు దొరికింది. అలా ఆ పని నాకొచ్చింది.

పోయిన నెల మూడో తారీఖున డాక్టరమ్మ రెండో మందు కలిపింది. “ఇది లయను నిలబెడుతుంది. కానీ మొదటి మందును ఒంట్లోంచి తొందరగా పోనివ్వదు. అందుకే మొదటిది సగం చేశాను. అయినా కొందరికి పేరుకుపోతుంది. తిండి సహించకపోయినా, వాంతులైనా, కళ్ళకు పసుపుగా కనిపించినా వెంటనే చెప్పండి. ఎండలో టోపీ లేకుండా తిరగొద్దు, చర్మం కమిలిపోతుంది” అంది.

“మా చేతిలో ఉండేదే రంగు డబ్బా కదమ్మా, పసుపు రోజూ కనిపిస్తుంది” అన్నాను నేను. అన్నయ్య నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఇరవై రెండో తారీఖు సాయంత్రం నాలుగింటికి కళ్ళజోళ్ళ షాపు బోర్డు పూర్తిచేశాను. నీలం మీద తెల్లక్షరాలు. అన్నయ్య రోడ్డుకు అవతలి వైపు నిలబడి చూశాడు.

“ఏం తెలుపురా ఇది? పసుపు కలిసింది. చెరిపెయ్.”

కొత్త డబ్బా ఆయన కళ్ళముందే తెరిచి మళ్ళీ రాశాను. మళ్ళీ అదే మాట. మూడోసారి రాశాను. మూడోసారీ అదే మాట. షాపాయన బయటికొచ్చి, “పెద్దాయనా, బోర్డు సంగతి తర్వాత, లోపలికొచ్చి మీ కళ్ళు చూపించుకోండి” అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. అన్నయ్య మొహం మాడిపోయింది. “చెయ్యి తిరిగితే చాలదురా, కన్నుండాలి. నీకు ఏనాడూ కన్ను లేదు” అన్నాడు, అందరి ముందూ.

డాక్టరమ్మ చెప్పింది గుర్తురాలేదంటే అబద్ధం. ఇంటికి నడుస్తుంటే గుర్తొచ్చింది. పసుపు. కానీ అన్నయ్య కన్ను చెడిందన్న ఆలోచన రాగానే నాకు లోపల సంతోషం వేసింది. ఈ మాట చెప్పడానికి సిగ్గుగా ఉంది. అయినా రాసుకోండి.

ఇరవై మూడు నుంచి నేను నాడి లెక్కపెట్టలేదు. చెయ్యి పట్టుకోవడం మాత్రం మానలేదు. ఉదయం ఏడున్నరకు ఎడమచేతి వేళ్ళు ఆయన మణికట్టు మీద పెట్టి గోడ గడియారం వైపు చూసేవాణ్ణి. ఆ నిమిషమంతా ఆయనకు అనాల్సిన మాటలు లోపల కూర్చుకునేవాణ్ణి. మామూలుగా అన్నయ్యకు నోరు ఆగదు. నా లెక్క తప్పుతుందని ఆ నిమిషం మాత్రం మాట్లాడేవాడు కాదు. నేను లెక్కపెడుతున్నాననుకుని పదిహేను రోజులు నోరు మూసుకుని కూర్చున్నాడు.

అంకెల సంగతి చెబుతాను. బోర్డు పనిలో ఒకే అక్షరం నాలుగు చోట్ల వస్తే నాలుగూ ఒకేసారి రాస్తాం. చెయ్యి ఒక్క తీరుగా వస్తుంది. పుస్తకంలోనూ అదే చేశాను. పేజీకి పదిహేను గీతలు. పదిహేను గీతల మీదా ముందే ఏడు అంకె వేసిపెట్టుకున్నాను. పక్కన రెండు, ఐదు, ఒకటి, ఏ పూటకు ఏది తోస్తే అది. అలా రోజూ నాడి డెబ్బై పైనే.

నెలాఖరుకు అన్నయ్య కంచం ముందు కూర్చుని సగంలో లేచిపోవడం మొదలుపెట్టాడు. వదిన అడిగితే, “అలిగాడు, అంతే. రెండు రోజులు పోతే ఆయనే తింటాడు” అని నేనే చెప్పాను.

ఈ నెల ఆరో తారీఖు ఉదయం వేళ్ళ కింద నాడి కొట్టింది. ఆగింది. మళ్ళీ కొట్టడానికి చాలాసేపు పట్టింది. వేళ్ళకు తెలిసింది. నాకూ తెలిసింది. అరవై కాదు, నలభై కూడా ఉండదేమో అనిపించింది. లెక్కపెట్టి ఫోను చేస్తే ఇన్నాళ్ళూ ఏం రాశావని డాక్టరమ్మ అడుగుతుంది. రేపటి నుంచి సరిగ్గా చూద్దాంలే అనుకున్నాను. ఏడు పక్కన నాలుగు వేశాను. మాత్ర ఆయన అరచేతిలో పెట్టాను. నీళ్ళు కూడా నేనే ఇచ్చాను.

కళ్ళజోళ్ళ షాపు బోర్డు నాలుగోసారి రాయనని నేను మొండికేసి కూర్చున్నాను. అందుకని ఆ రోజు ఆయనే రాయడానికి బయల్దేరాడు. టోపీ పెట్టుకున్నాడు. పది గంటల నలభై నిమిషాలకు నిచ్చెన మీద నుంచి పడిపోయాడని షాపాయన ఫోను చేశాడు. తుంటి విరిగింది. ఆసుపత్రిలో నాడి ముప్పై రెండు అన్నారు. మెడ దగ్గర నరంలోంచి తీగ దించి గుండెను కొట్టిస్తున్నారు. రక్తం పరీక్షలో మొదటి మందు ఉండాల్సినదానికి రెట్టింపు ఉందట.

సగం చేసిన మందు రెట్టింపు ఎలా అయిందని వదిన అడిగింది. మందుల షాపాయన సగం చేయని పాత మోతాదు మాత్రలే ఇచ్చుంటాడంది. పేరుకుపోవచ్చని డాక్టరమ్మ చెప్పిన మాట నాకు తెలుసు. నోరు విప్పలేదు. అన్నయ్య మంచం మీద నుంచి, “తమ్ముడు రోజూ చూశాడే. పుస్తకం తీసి చూడు. వాడి అంకె తప్పదు” అన్నాడు. వదిన ఆ పుస్తకమే మీకు తెచ్చిచ్చింది.

ఇందాక లోపలికి వస్తుంటే మందుల షాపాయన బయట బల్ల మీద ఉన్నాడు. నిన్నటి నుంచి అక్కడే ఉన్నాడట. నన్ను చూసి లేచి నిలబడి, “అన్నయ్యకు ఎలా ఉందయ్యా?” అని అడిగాడు. నేను ఆయన్ని దాటుకుని లోపలికి వచ్చాను. దయచేసి ఆయన్ని ఇంటికి పంపించండి.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఆ పుస్తకం తెరవండి. ఆరో తారీఖుతో పేజీ అయిపోయింది కాబట్టి ఎవరూ తిప్పలేదు. ఇప్పుడు తిప్పండి. తర్వాతి పేజీకి కూడా ముందే వేసిపెట్టాను, ఇంకా రాని రోజులకు కూడా ఏడు అంకె పదిహేను గీతల మీదా వరసగా ఉంటుంది. ఈ రోజుది కూడా ఉంది.

రైటరు గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, ఎవరి బలవంతమూ లేదు, ఇదే నిజం. అన్నయ్యకు కూడా ఇది చదివి వినిపించమని కోరుతున్నాను. నాకు సంతకం వచ్చు. కానీ కుడిచేత్తో రాసిన దస్తూరి చూసే అన్నయ్య నన్ను నమ్మాడు, అందుకని సంతకం చేయను. బొటనవేలి ముద్ర వేయమన్నారు. ఆ రోజు నాడి మీద ఉన్నది చూపుడు వేలు. అదే వేస్తాను.

(ఎడమచేతి చూపుడు వేలి ముద్ర)