కాశీ నుంచి తిరుగు టికెట్టు

కాశీలోనే కన్నుమూస్తానని చెప్పి, ఇంటిల్లిపాదినీ ఏడిపించి మరీ వెళ్లింది రెడ్డెమ్మ. ఇప్పుడు అక్కడి సత్రం నుంచి ఫోన్ చేసి, తిరుగు విమానం తేదీ మార్చమంటోంది. పుంగనూరులో కోడలు వీణ ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది.

“తేదీ మారిస్తే ఫైన్ పడతాదత్తా. క్యాన్సిల్ చేస్తే మాత్రం డబ్బులన్నీ వెనక్కొస్తాయి.”

“డబ్బులెవరడిగినారు?”

“అది రిఫండబుల్ టికెట్టు. తేదీ మార్చుకునేదైతే ఫ్లెక్సీ. రెండూ వేరే వేరే.”

“వచ్చేదానికి యాల రిఫండబుల్ తీసినారు?”

“ఊరికే.”

“పోయేదానికి?”

“అది... చవకది. రిఫండ్ లేనిది.”

“పోయేదానికి లేదు, వచ్చేదానికి ఉండాది. యాల?”

“నీ కొడుకు తీసినాడు. ఆయన్నే అడుగు.”

“వీణా.”

“నువ్వే కదత్తా అంటివి, ఆడే పోతానని. మరి ఆ టికెట్టు దండగ కాకూడదని...”

“నేను పోతే నా టికెట్టు డబ్బులు వాడికి.”

“అట్ల అనలేదత్తా.”

“అనకపోయినా అనుకున్నాడులే. నా కొడుకే కదా. మంచి పనే చేసినాడు.”

అత్త కోప్పడకపోయేసరికి వీణకు భయం ఎక్కువైంది.

“ఇప్పుడేం చేయమంటావు?”

“దాన్ని క్యాన్సిల్ చేసి వేరేది సూడు.”

“మూడు కంపెనీలుండాయి. ఒకదాంట్లో బాగా చవక, ఎక్కకపోతే పైసా రాదు. ఇంకోదాంట్లో ఫ్లెక్సీ. తేదీ ఊరికే మారుస్తారు, ఆ పొద్దుకు రేటు పెరిగుంటే తేడా కట్టాల. మూడోదాంట్లో అంతా రిఫండే, సంచి బరువుకు మాత్రం వేరేగా గుంజుతారు.”

“ఊరికే మారుస్తాం, తేడా కట్టు అంటారా? మన సంతలో ఈ మాటంటే చెప్పుతో కొడతారు.”

“ఫ్లెక్సీనే తీస్తానత్తా. నీకెప్పుడు బుద్ధి పుడితే అప్పుడు రావొచ్చు.”

“బుద్ధి పుట్టేసింది. చవకదే తియ్యి. వచ్చే శుక్రవారం.”

“మరి ఆడ... పోయేది?”

“మానుకుంటి.”

“కుప్పం గౌరమ్మత్త నీ ఆవును తోలుకొని పాయె. నీ పట్టుచీరలు నీ కూతురు సుష్మ కట్టేసుకుంటాండాది.”

“ఆవును మళ్లా తెచ్చి కట్టేయమను. చీరలు నా పెట్టెలో పెట్టమను. ఉండు... సాలు సాలు, ఇంకొక్క చుక్క పోయి.”

“ఎవరత్తా?”

“ఎవరూ లేరు. కాఫీ.”

“కాఫీతో మాట్లాడతాండావా?”

“పక్క గది ఆయప్ప. భీమరావు. మనవైపే, మదనపల్లె. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనాడు. పెండ్లానికి పిండం పెట్టేకి వచ్చినాడు.”

“అయ్యో పాపం.”

“ఎప్పుడో పోయిందిలే. పిండమూ పెట్టేసినాడు.”

“సరే, నీకు శుక్రవారానికి ఒక టికెట్టు...”

“రెండు. పక్కపక్క సీట్లు. కిటికీ నాకు.”

“ఆయప్పకు వాళ్లింట్లో వాళ్లు తియ్యరా?”

“ఇంక వాళ్లతో పనేముండాది?”

“బెంగళూరులో విమానం దిగినాక మదనపల్లెకు ఆయనకు వేరే కారు చెప్పల్లా?”

“ఇద్దరికీ ఒకటే కారు. పుంగనూరుకు.”

“అత్తా... ఆయన్ని నేనేమని పిలవాల?”

“మామా అను.”