పురిటిగదిలో మొదటి బల్బు

వెళ్లేటప్పుడు ఆ ఎలక్ట్రీషియను చేతిలో నాలుగు చుట్టల తీగ, పెట్టెడు బల్బులు ఉన్నాయి. ఆఫ్రికాలో ఒక మారుమూల ఊరికి ఉచితంగా కరెంటు పెట్టి, మూడు నెలలకు తన కరెంటు సామాన్ల కొట్టుకు తిరిగొచ్చాడు. అన్నాళ్లూ కొట్టు చూసుకున్న బావమరిది పలకరించాడు.

“ఉత్త చేతులతో వచ్చావేం బావా?”

“అన్నీ అక్కడే బిగించాను.”

“మొదటి బల్బు ఊరిపెద్ద ఇంట్లోనేగా?”

“ఆయనా అలాగే అనుకుని కుర్చీ వేసుకు కూర్చున్నాడు. నేను పురిటిగదిలో పెట్టాను. లోపల ఒకామె నొప్పులు పడుతోంది. అక్కడి మంత్రసాని ఇరవై ఏళ్లుగా టార్చి పళ్లతో కరిచిపట్టుకునే పురుళ్లు పోస్తోంది.”

“వెలుగొచ్చాక?”

“అలవాటుకొద్దీ టార్చి కరుచుకునే వెళ్లింది. కాసేపటికి చూసుకుని తీసేసింది.”

“తల్లీ బిడ్డా?”

“క్షేమం.”

“మరి నీకేం దక్కింది?”

“పురుడు పోస్తూ ఆమె నోరు విప్పడం అదే మొదలు. ‘రావడానికి ఇన్నాళ్లా?’ అని తొలి తిట్టు నాకే.”