రెండోసారి అడగలేదు

గోడకేసి ఏం చూస్తావురా అలా? ఆ గోడ నీకేమన్నా కబుర్లు చెబుతోందా? ఇటు తిరుగు. అక్కనిరా, సూది పొడవడానికొచ్చిన నర్సుని కాదు.

తిరగవు. సరే, నీ వీపుకే చెప్తా. చిన్నప్పుడు అలిగితే ఇంతేగా నువ్వు. మూడు రోజుల పాటు ఇంటిల్లిపాదీ నీ వీపుతో మాట్లాడాల్సిందే.

అసలు నాకు ఒళ్ళు మండిందెక్కడో తెలుసా? ఇందాక ఆ నర్సు ట్రే తెచ్చింది. "తింటావా?" అంది. నువ్వు తల అడ్డంగా ఊపావు. అంతే, సరేనని ట్రే ఎత్తుకుని బయల్దేరింది మహాతల్లి! మనిషి నుదుటి మీద ఆరు కుట్లతో పడి ఉంటే ఒక్కసారి అడిగి వెళ్ళిపోవడమేంటి? కాస్త బతిమాలితే ఏం పోయింది? ఇంకోసారి అడిగితే నోరు అరిగిపోతుందా? నేనే అడ్డం పడి ట్రే ఇక్కడ పెట్టించా. పెట్టింది పెట్టినట్టే ఉంది చూడు. ఫోర్కో పక్క, చెంచా ఓ పక్క.

ఏంటి, భుజం కదిలింది? నవ్వావా?

నవ్వు. ఆ మాట అనడానికి దీనికేం హక్కుందనేగా నవ్వావు? నవ్వరా, నాకేం కోపం లేదు.

చెప్పనీ నన్ను. రెండ్రోజుల నుంచి గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. ఆ పక్క మంచం పెద్దాయనకి మన భాష రాదులే, నేనేదో నిన్ను తిడుతున్నాననుకుంటాడు. అనుకోనీ.

ఈ దేశం వచ్చి ఎనిమిదేళ్ళు కదా నేను. తిండి దగ్గర ఎన్ని తంటాలు పడ్డానో నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు ఇక్కడికి రాకముందు ఫోన్లో అన్నీ గొప్పలే చెప్పేదాన్ని. మొదటి నెల, హోటల్లో పనివాళ్ళ భోజనాల గదిలో సూప్ ఇచ్చారు. మనం చారు ఎలా తాగుతాం? జుర్రుమని. తాగి తలెత్తి చూద్దును కదా, బల్ల చుట్టూ ఎనిమిది మందీ చెంచాలు గాల్లో పెట్టి నన్నే చూస్తున్నారు! అక్కడ నేనేదో గుడ్డలు విప్పుకున్నట్టు. ఇక త్రేన్పు సంగతి చెప్పక్కర్లేదు. అమ్మ వంట తిని త్రేన్చకపోతే ఆవిడ మొహం చిన్నబోయేది. ఇక్కడ త్రేన్చావా, లేచి క్షమాపణ చెప్పుకోవాలి.

అవన్నీ పోనీ. ఒకసారి నాతో పనిచేసే ఆవిడ ఇంటికి భోజనానికి పిలిచింది. పొద్దుటి నుంచి ఏమీ తినకుండా వెళ్ళా, బాగా పెడుతుంది కదా అని. మొదట కొంచెం పెట్టింది. తిన్నా. "ఇంకొంచెం?" అంది. నేనేమంటాను? "అయ్యో, వద్దండీ" అన్నా. ఎవరైనా అనేదే కదా! మొదటిసారే పెట్టమనడానికి మనమేమన్నా మొహమాటం లేని మనుషులమా? ఆవిడ ఇంకోసారి అడుగుతుంది, నేను ఇంకోసారి వద్దంటాను, మూడోసారి ఆవిడ కసురుకుని పెట్టేస్తుంది, నేను తింటాను. అలాగే కదరా పెరిగాం? అమ్మయితే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా ఆగేది కాదు, చేతి మీదే వడ్డించేది. వేళ్ళ సందుల్లోంచి పప్పు కారేది. నువ్వు మోచేతి దాకా నాకేసేవాడివి.

ఆవిడ అడగలేదు. ఆ గిన్నె అలా అవతలివాళ్ళ దగ్గరికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. నేను దాన్నే చూస్తూ కూర్చున్నా. ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి చల్లన్నం తిన్నా, ఏడుస్తూ. మీ బావ పక్కనే నిలబడి పడీ పడీ నవ్వాడు.

అంటే నాకు తెలుసురా. ఆ ఆకలి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. అది గుర్తుపెట్టుకో, మళ్ళీ అక్కడికొస్తా.

తర్వాత నేర్చుకున్నా. పంతం పట్టి నేర్చుకున్నా. నాకు బల్లలు సర్దే పని ఇచ్చారు కదా, మా మీద ఒకావిడ ఉంటుంది, నేను ఇస్త్రీ అమ్మగారని పేరు పెట్టా. ఒంటి మీద బట్టకి గానీ మొహానికి గానీ ఒక్క మడత ఉండదు. ఆవిడ దగ్గర నేర్చుకున్నా. ఫోర్కు ఎడమ పక్క, చెంచా కుడి పక్క, బల్ల అంచుకి రెండు వేళ్ళ దూరం. "తినేవాళ్ళు వద్దంటే వద్దనే. రెండోసారి అడిగితే వాళ్ళని అవమానించినట్టు" అని ఎన్నిసార్లు చెప్పిందో! నోటితో అడగాల్సిన పని కూడా లేదు. ఫోర్కూ చెంచా దూరదూరంగా ఉంటే ఇంకా తింటున్నట్టు. రెండూ పక్కపక్కన ఒద్దిగ్గా పడుకోబెడితే ఇక చాలని. అప్పుడు వెనకనుంచి వెళ్ళి చప్పుడు కాకుండా ప్లేటు తీసెయ్యాలి.

అందులో నన్ను మించినవాళ్ళు లేరు తెలుసా? హాల్లో నలభై బల్లలు. ఎవరి చెంచా ఎప్పుడు పక్కకి చేరిందో ఇటు మూల నుంచి కనిపెట్టేసేదాన్ని.

కొంచెం నీళ్ళు తాగు. తాగు, మాట్లాడక్కర్లేదులే. ఆ... మెల్లిగా. పెదవులు చూడు ఎలా ఎండిపోయాయో.

ఇక మొన్న ఆదివారం సంగతి.

హాలు మొత్తం చూసుకునే పని ఖాళీ అయింది. నాకిస్తారని అనుకుంటున్నారు. అందుకే ఇస్త్రీ అమ్మగారినీ వాళ్ళాయన్నీ భోజనానికి పిలిచా. మూడు రోజులు పట్టింది ఇల్లు సర్దడానికి. మీ బావ చేత కొత్త చొక్కా తొడిగించా. సరిగ్గా వాళ్ళు కూర్చునే వేళకి తలుపు చప్పుడు. తీస్తే నువ్వు.

చెప్పకుండా వచ్చావు. భోజనం వేళకి వచ్చావు. ఎప్పుడూ ఫోన్ చెయ్యందే రానివాడివి! అప్పుడే అర్థం కావద్దూ నాకు? "తిన్నావా?" అంటే "తిన్నానక్కా" అన్నావు, కళ్ళు మాత్రం నా భుజం మీంచి బల్ల మీదికి పోయాయి. నేను చూశా. చూసి, నా మనసులోకి వచ్చిన మొదటి మాటేంటో తెలుసా? వీడు ఇవాళే రావాలా అని.

అవునురా. అలాగే అనుకున్నా.

కూర్చోబెట్టా. పెట్టా. ఫోర్కు మీంచి అన్నం జారిపోతోంది నీకు. బస్సుల షెడ్డులో ఇనుము అతికే చేతులవి, ఆ చిన్న ముక్కని పట్టుకోలేకపోతున్నాయి. రెండుసార్లు జారింది, మూడోసారి చెయ్యి పెట్టేశావు. గబగబా రెండు ముద్దలు. వేలు నాకావు. ఇస్త్రీ అమ్మగారు కళ్ళు దించుకుంది. నేను బల్ల కింద నీ కాలు తొక్కా.

గట్టిగానే తొక్కా. నొప్పెట్టింది కదూ? నువ్వు చెయ్యి తుడుచుకుని మళ్ళీ ఫోర్కు పట్టుకున్నావు, బడిలో దెబ్బ తిన్న పిల్లాడిలా.

తర్వాత గిన్నె పట్టుకుని అడిగా, ఇంకొంచెం పెట్టనా అని. మన భాషలో కాదు, వాళ్ళ భాషలో అడిగా, నా తమ్ముణ్ణి! నువ్వు ప్లేటుకి చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నావు. అమ్మ దగ్గర పెట్టినట్టే, అదే చెయ్యి, అలాగే. నేను గిన్నె అవతలికి అందించేశా. ఆవిడ నన్ను చూసి మెచ్చుకోలుగా తలాడించింది. నాకు ఎంత సంతోషమేసిందో!

అప్పుడు ఆవిడ నిన్ను అడిగింది, ఏం పని చేస్తావని. పెద్దావిడ పలకరిస్తే తింటూ జవాబు చెప్పకూడదని ఆగావు. అది మనకి అమ్మ నేర్పింది. ఫోర్కూ చెంచా కింద పెట్టావు. చిందరవందరగా పెడితే బాగోదని రెండూ పక్కపక్కన చక్కగా పెట్టావు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "పని బాగుందండీ" అన్నావు.

నేను వెనకనుంచి వచ్చి ప్లేటు తీసేశా.

సగం అన్నం అలాగే ఉంది దాంట్లో. నువ్వు ప్లేటు వైపు చూశావు, నా వైపు చూశావు. ఏమంటావు? పదిమందిలో నా ప్లేటేదీ అని అడుగుతావా?

నిన్న ఇక్కడికి నీతో పనిచేసే అతను వచ్చాడు కదా, అతను చెప్పేదాకా నాకు తెలీదు. షెడ్డు మూసేసి మూడు వారాలైందట. నువ్వు అతని గదిలో ఓ మూల పడుకుంటున్నావట. తిండి దగ్గర మాత్రం రోజూ బయట తినొచ్చానని చెప్పేవాడివట. అతనూ ఇక్కడివాడే, ఒక్కసారి అడిగి నమ్మేవాడు. శుక్రవారం నుంచీ నీ నోట్లోకి ఏమీ పోలేదని నిన్న అతని దగ్గర నువ్వే ఒప్పుకున్నావట. ఆదివారం నా దగ్గరికొచ్చావు. సోమవారం పొద్దున బస్టాపు మెట్ల మీద పడిపోయావు.

డాక్టరు నన్ను అడిగాడురా, చివరిసారి ఎప్పుడు తిన్నాడని. నేనేం చెప్పానో తెలుసా? నిన్న మధ్యాహ్నం మా ఇంట్లో పూర్తి భోజనం చేశాడండీ అన్నా. నమ్మి కాగితం మీద రాసుకున్నాడు పాపం. ఇదిగో, నీ మంచానికి వేలాడుతున్న ఆ అట్ట మీదే ఉంది నా అబద్ధం.

మీ బావ నిన్నటి నుంచి ఒకటే మాట. "వాడికి పద్ధతి తెలీదు, నీకు అలవాటైపోయింది. చెయ్యి దానంతటదే ప్లేటు తీసేసింది, నువ్వేం కావాలని చేశావా" అంటాడు. మంచివాడు, నన్ను ఓదార్చాలని. నేనూ ఊఁ కొడుతున్నా. నీకూ అదే చెబుదామని వచ్చా. దారంతా వల్లించుకుంటూ వచ్చా, అలవాటురా, పొరపాటురా అని.

కానీ కాదురా.

నీ ఫోర్కూ చెంచా పక్కపక్కన పడ్డప్పుడు నాకు తెలుసు. వీడికి ఆ గుర్తు తెలీదు, వీడింకా తింటున్నాడు అని స్పష్టంగా అనుకున్నా. అనుకునే తీశా. నువ్వు మళ్ళీ చెయ్యి పెడతావని, మళ్ళీ వేలు నాకుతావని. ప్లేటు లేకపోతే ఆ బాధ ఉండదని. మర్యాదని పేరు పెట్టుకున్నా దానికి. ఎవరూ వేలెత్తి చూపలేరు కదా, పద్ధతి ప్రకారమే తీశానాయె.

ఇంకోటి కూడా విను. ఇవాళ పొద్దున ఇస్త్రీ అమ్మగారు ఫోన్ చేసింది. ఆ పని నాకే ఇచ్చారు. భోజనం చాలా బాగా జరిగిందంది. మీ బావకి ఇంకా చెప్పలేదు. ఏ మొహంతో చెప్పను?

అబ్బ, తిరిగావా! తిరుగు నాన్నా, మెల్లిగా, కుట్లు జాగ్రత్త. తిట్టాలనుంటే తిట్టు. బొద్దూ అని పిలిచేదాన్ని నిన్ను, ఆ బుగ్గలు చూసుకుని. ఇప్పుడు ఆ మాట నోటికి రావట్లేదు.

ఇదిగో, ఇంటి నుంచి తెచ్చా. అన్నం, పప్పు. వేడిగానే ఉంది. వాళ్ళ ప్లేట్లోనే పెడతా, ఆ ట్రే ఇలా జరుపు. తింటావా?

వద్దా?

పోనీ కొంచెం. నా కోసం కాదులే, డాక్టరు కోసం. రెండు ముద్దలు. నేను కలిపి పెట్టనా? ఇక్కడ చూసేవాళ్ళెవరూ లేరు. ఉన్నా ఉండనీ!

అమ్మయ్య, ట్రే మీదికి చెయ్యి చాపావు. దేంతోనైనా తిను, నీ ఇష్టం... ఫోర్కు అక్కర్లేదురా. ఆ చెంచా కూడా...

ఏం చేస్తున్నావ్?

అలా పక్కపక్కన ఎందుకు పెడుతున్నావ్ వాటిని?

ఇప్పుడే కదరా నీకు చెప్పింది. అప్పుడే నేర్చేసుకున్నావా?

వద్దురా. నన్నలా చూడకు. నర్సు గుమ్మంలోకి వచ్చింది, ట్రే వైపే చూస్తోంది. ఆవిడకి అర్థమవుతుందిరా అది.

నాకు తెలీదు. చెంచా పక్కన ఫోర్కు పెడితే ఏమిటో నాకు తెలీదు. నాకెవరూ చెప్పలేదు. ఇదిగో, ముద్ద. నోరు తెరువు.