కడుగునీళ్ళు

(అద్దకం మిల్లు వెనక కొత్తగా కట్టిన నీటిశుద్ధి ప్లాంటు. మధ్యాహ్న భోజన విరామం. ముప్ఫయ్యేళ్ళు ఆ మిల్లులో రంగుల మేస్త్రిగా పనిచేసి విరమించుకున్న తండ్రి, ఆ ప్లాంటు కట్టించిన ఇంజనీరైన కూతురు.)

“చెయ్యి పెట్టకు నాన్నా, అందులో పురుగులున్నాయి.”

“పురుగులా? ఇంత పెద్ద తొట్టి కట్టింది పురుగుల్ని పెంచడానికా?”

“కంటికి కనపడని పురుగులు. మీ రంగే వాటికి తిండి. రాత్రీ పగలూ తింటూనే ఉంటాయి.”

“మా పాత మేనేజరులాగా.”

“నాన్నా! ఎవరైనా వింటారు.”

“విననీ. అబద్ధమా ఏమన్నా? సరే, తిన్నాక?”

“తిన్నాక మడ్డి అడుక్కి దిగుతుంది. దాన్ని పిండి, ఎండబెట్టి ఇటుకల బట్టీకి పంపిస్తాం. పైన తేరిన నీళ్ళు అదిగో, ఆ పొడుగు గొట్టాల్లోకి పోతాయి. అక్కడ ఉప్పు కూడా ఆగిపోతుంది.”

“ఉప్పంటే, రంగు పట్టడానికి మేం వేసే ఉప్పేనా?”

“అదే. మళ్ళీ మీ రంగు తొట్లలోకే వెళ్తుంది. నీళ్ళూ అంతే. వంద బిందెలు వాడితే తొంభైమూడు బిందెలు వెనక్కొస్తున్నాయి.”

“ఆ మిగతా ఏడూ?”

“ఆవిరి.”

“మరి ఈ గోడవార పీలికల గుట్టలుండాలే? మా రోజుల్లో మనిషెత్తున పడుండేవి. బాయిలర్లో వేసి తగలబెట్టేవాళ్ళం.”

“ఇప్పుడు వాటిని చీల్చి, ఏకి, మళ్ళీ నూలు తీస్తున్నారు.”

“అయితే ఈ గేట్లోంచి బట్టా, ఆ మడ్డీ తప్ప ఇంకేమీ బయటికి పోదన్నమాట.”

“పోదు. ఇంకోటి చెప్పనా? అన్నిటికంటే ఎక్కువ నీళ్ళు మిగిల్చింది ఈ మిషన్లేవీ కాదు. నీ మాట.”

“నా మాటేంటి మధ్యలో?”

“ఆఖరి జాడింపు నీళ్ళు తేటగానే ఉంటాయి, వాటితో తర్వాత వాయికి మొదటి కడుగు కానిచ్చెయ్యొచ్చు అని నువ్వనేవాడివి కాదూ? అన్నం తింటూ ఎన్నిసార్లు చెప్పావో నాకు లెక్కలేదు. అదే చేశాం. ఒక గొట్టం, ఒక పంపు, అంతే. మూడోవంతు నీళ్ళు అక్కడే మిగిలాయి.”

“అప్పట్లో మిల్లు ఓనరు పెద్దాయనతో అంటే నవ్వాడు. నీళ్ళకేం తక్కువ మేస్త్రీ, వాగు పక్కనే ఉందిగా అన్నాడు.”

“వాళ్ళబ్బాయి నవ్వలేదు. ఇది ఎవరి ఆలోచన అనడిగాడు. మా నాన్నదని చెప్పాను.”

“ఎందుకు చెప్పావు?”

“చెబితే తప్పేంటి? అదిగో, మొహం అలా పెట్టకు. ఇది చూడు. ఇవాళ పొద్దున దిగిన నీళ్ళు.”

“గాజుగ్లాసులో పట్టావే! ఇటు, వెలుతురువైపు తిప్పు. ఊఁ. నీలం పోయింది. ఎరుపు పోయింది. పసుపు మొండిఘటం, అంత తేలిగ్గా పోదు... అదీ పోయింది. శభాష్.”

“నీ కంటితో శభాష్ అనిపించుకున్నాను, ఇంక నాకే సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఉండు, నీ ఎదురుగానే ఒక్క గుక్క...”

“వద్దు!”

“అబ్బ, ఏంటి నాన్నా ఆ కేక?”

“కింద పెట్టు.”

“పరీక్ష చేయించాం నాన్నా, రోజూ చేయిస్తున్నాం, ఇందులో...”

“పరీక్షలు నాకు చెప్పకు. రంగు తొట్లోంచి వచ్చిన నీళ్ళు నువ్వు తాగడానికి వీల్లేదు. పెట్టు. పెట్టమన్నానా!”

“సరే, సరే. ఇదిగో, పారబోశాను. చూశావుగా? అంత చిరాకేంటి నీకు? ఈ మెట్టు మీద కూర్చో.”

“ఎండకి.”

“ఎండేదీ? మబ్బు పట్టి ఉంటేనూ.”

“వానొస్తుందంటావా?”

“వస్తే రానీ, మనకేం. రేపు పొద్దున ప్రారంభోత్సవం వేళకి కురవకపోతే చాలు. పదింటికి నీకోసం కారు పంపిస్తామన్నారు.”

“నేను రాను.”

“మళ్ళీ మొదలుపెట్టావా?”

“మోకాళ్ళు సహకరించడంలేదు తల్లీ.”

“ఇప్పుడు మెట్లెక్కి వచ్చావు కదా. నాన్నా, బోర్డు మీద అమ్మ పేరు వేయిస్తున్నారు. నేను అడిగాను, ఒప్పుకున్నారు. ఆ మాట ఇక్కడ చెప్పాలనే నిన్ను తీసుకొచ్చాను.”

“మీ అమ్మ పేరా?”

“ఆఁ. ఈ ప్లాంటుకి.”

“వద్దు.”

“అదేంటి, సంతోషిస్తావనుకుంటే!”

“వద్దు తల్లీ. ఏదో ఒక నది పేరు పెట్టుకోండి. పువ్వు పేరు పెట్టుకోండి.”

“మన క్వార్టర్ల వీధిలో కిడ్నీలు పోయి పదకొండుమంది చచ్చిపోయారు. అమ్మతో కలిపి. డాక్టరు ఇదమిత్థమని తేల్చలేదు, నిజమే. కానీ నాకు తెలుసు, నీకూ తెలుసు. ఈ చదువు ఎందుకు చదివాననుకున్నావు? మంచి మంచి ఉద్యోగాలు వదులుకుని ఈ వాసనలోకే ఎందుకొచ్చాననుకున్నావు?”

“తెలుసు.”

“మరి?”

“బోర్డు సంగతి నీ ఇష్టం. నన్ను మాత్రం పిలవకు.”

“పిలవకపోతే ఎలా? ఆ వెనక పాత గేటుంది చూడు, రంగునీళ్ళు వాగులోకి వదిలేది. రేపు దానికి వెల్డింగు పెట్టేస్తున్నారు, ఇంక ఎవరూ తెరవకుండా. దానికి ముందు ఆఖరిసారి చక్రం తిప్పి మూసేది నువ్వే. పాతవాళ్ళలో మిగిలిన పెద్దవాడివి నువ్వు.”

“నా వల్ల కాదు.”

“రెండు చుట్లు తిప్పడానికి ఏం బలం కావాలి నాన్నా?”

“రెండు కాదు, నాలుగున్నర. మూడో చుట్టు దగ్గర పట్టేస్తుంది. అక్కడ కాస్త వెనక్కి లాగి తిప్పాలి, లేకపోతే పిడి ఊడి చేతికొస్తుంది.”

“ఏమన్నావు?”

“ఏమీ అనలేదు.”

“నాలుగున్నర అని నీకెలా తెలుసు?”

“ఎవరో అంటుంటే విన్నాను.”

“ఎవరు?”

“ఎవరో... ఆ బాయిలరు దగ్గర ఉండేవాడే, అతను.”

“ఆయనకి ఒక చెయ్యే పనిచేసేది కదా. ఆయనెలా తిప్పుతాడు దాన్ని?”

“పోదాం పద. అన్నం వేళ దాటిపోతోంది.”

“నాన్నా, ఇటు చూడు. నా వైపు చూడు.”

“వాన పడితే...”

“ఊఁ? వాన పడితే?”

“వాన పడితే వాగు పొంగుతుంది. ఆ బురదనీళ్ళలో మన నీళ్ళు కలిస్తే ఎవరికీ కనపడవు. మేనేజరు కిటికీలోంచి మబ్బు చూసి, నాకేసి తలూపేవాడు. నోటితో ఎప్పుడూ చెప్పలేదు. తలూపడమే.”

“ఎన్నాళ్ళు?”

“నువ్వు పుట్టే ముందు నించి.”

“ఎన్నాళ్ళు నాన్నా?”

“పదహారేళ్ళు.”

“వాన వెలిశాక ఒడ్డంతా నురగ పట్టేది. మబ్బు ముక్కలు అనుకుంటూ మేం చేతుల్లోకి తీసుకుని ఊదేవాళ్ళం. అది నువ్వు వదిలిందా?”

“మిమ్మల్ని అటు వెళ్ళొద్దని కొట్టాను కూడా.”

“కొట్టావు. ఎందుకు కొట్టావో నాకిప్పుడు తెలిసింది. నువ్వే ఎందుకు తిప్పాలి? వాచ్‌మనున్నాడు, కూలీలున్నారు...”

“ఏ తొట్లో ఏ రంగుందో నాకే తెలుసు. ఏది ముందు వదిలితే నురగ తక్కువొస్తుందో నాకే తెలుసు. పనిమంతుణ్ణని నాకు అప్పగించారు.”

“కాదనలేకపోయావా?”

“ఒక్కసారి అన్నాను. క్వార్టరు ఖాళీ చేసి వెళ్ళమన్నాడు. నువ్వు అమ్మ కడుపులో ఉన్నావు, తొమ్మిదో నెల. వెళ్ళి తిప్పాను. మొదటిసారి ఇంటికొచ్చి ఒళ్ళంతా రుద్దుకుని స్నానం చేశాను. తర్వాత... అలవాటైపోయింది తల్లీ. ఎవరికీ చెప్పుకోలేనిది అదే. అలవాటైపోయింది.”

“వాగు పక్కనే వీధి బోరింగు.”

“తెలుసు.”

“వీధంతా ఆ నీళ్ళే తాగింది.”

“తెలుసు.”

“తెలుసు తెలుసు అనకు! అమ్మ ఆ బోరింగు కొట్టీ కొట్టీ చేతులు కాయలు కాచాయి. పక్కింటి పిన్ని, వాళ్ళమ్మాయి, ఆ చివరింటి తాతగారు... నువ్వు తాగావా? నిజం చెప్పు. ఒక్క గ్లాసైనా తాగావా?”

“లేదు. మిల్లులో ఫిల్టరు నీళ్ళు కడుపునిండా తాగి వచ్చేవాణ్ణి.”

“ఇంట్లో అన్నం తింటూ కూడా దాహం లేదనేవాడివి. ఒంటెని కట్టుకున్నానని అమ్మ నవ్వేది.”

“నవ్వేది.”

“మరి నేను? పదిహేనేళ్ళు ఆ ఇంట్లో పెరిగాను కదా. నాకేం కాలేదేం?”

“నువ్వు తాగలేదు కనక.”

“తాగకుండా ఎలా ఉంటాను?”

“ఆఫీసు ఫిల్టరు నించి రోజుకో క్యాను సైకిలుకి కట్టుకొచ్చేవాణ్ణి. ఒక్కదానికే వాచ్‌మను ఒప్పుకునేవాడు.”

“వంటింటి మూల ఉండేది, అదా! నాది సున్నితమైన కడుపని, వేరే నీళ్ళు పడవని డాక్టరు చెప్పాడని అమ్మ అనేది. నా గ్లాసు వేరు, నా సీసా వేరు. బళ్ళో అందరూ మహారాణీగారని ఏడిపించేవాళ్ళు.”

“నీ కడుపుకేం, రాళ్ళు పెట్టినా అరిగించుకునేదానివి.”

“నన్ను నవ్వించకు నాన్నా. ఇప్పుడు కాదు.”

“నవ్వించడానికి కాదు...”

“క్యానుడు నీళ్ళు నేనొక్కదాన్నే తాగేదాన్నా? అందులోంచి అమ్మ నాలుగు గ్లాసులు తాగితే నాకేం తక్కువయ్యేది?”

“ఏమీ తక్కువయ్యేది కాదు.”

“అంటే అమ్మకి కూడా ఆ డాక్టరు కథే చెప్పావు. అంతేనా? నీ ఉద్యోగం కోసం, నీ క్వార్టరు కోసం, కట్టుకున్న మనిషి దగ్గర కూడా దాచావు. వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళావే, అప్పుడైనా నోరు పెగల్లేదా? ఒక్క ముక్క చెప్పుంటే అమ్మ బతికేది నాన్నా. ఒక్క ముక్క!”

“చెప్పాను.”

“ఎప్పుడు? ఆస్పత్రిలో మంచం మీద పడ్డాకా?”

“నీకింకా పళ్ళు రాకముందే చెప్పాను. ఆ సున్నితమైన కడుపూ, డాక్టరు చెప్పడమూ, అవన్నీ మీ అమ్మ అల్లినవే.”

“అమ్మకి... తెలుసా?”

“అంతా తెలుసు.”

“తెలిసి తెలిసి ఆ నీళ్ళు తాగిందా? ఎందుకు తాగింది? నువ్వెందుకు తాగనిచ్చావు?”

“మొదట వీధిలో అందరికీ చెప్పేస్తానంది. నన్ను బతకనివ్వరన్నాను, కాళ్ళు పట్టుకున్నాను. చాలాసేపు నిన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సరే, చెప్పన్లే అంది. నిన్ను నా చేతికిచ్చి, బిందె తీసుకుని బోరింగుకి బయల్దేరింది. గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. ‘తప్పుకో. పక్కింటావిడ తాగే నీళ్ళు నేను తాగకపోతే, రేపటి నించి ఆవిడ మొహం ఎలా చూడను?’ అంది.”